ఎవరైనా తెరవొచ్చు

కంపెనీ యార్డులో రాయపూర్ నుంచి వచ్చిన లారీ వెనక తలుపు తీసి, కూలీలు పసుపు రంగు పూసిన ఇనప చట్రాలు దింపుతున్నారు. రోలర్లకు కొత్త బేరింగులు వేసి అప్పగించడానికి వచ్చిన నాగేశ్వరమ్మ అటు చూసింది. చూసి, మళ్లీ చూసింది. సంతకం పెట్టాల్సిన చీటీని గుమాస్తా బల్ల మీద పడేసి లారీ దగ్గరికి నడిచింది.

అవి బెల్టు స్క్రేపర్లు. ఆమె గీసినవి. ఇంకొకళ్ల చొక్కా తొడిగినంత మాత్రాన కన్నబిడ్డను తల్లి గుర్తుపట్టదా? పైగా ప్రతి చట్రం పలక మీదా మూలన ఒక రంధ్రం ఉంది. ఆ రంధ్రానికి పనేమీ లేదు. మొదటిసారి బొమ్మ గీసినప్పుడు ఆమె పొరపాటున పెట్టిన రంధ్రం అది. రాయపూర్ వాళ్లెవరో ఆ పొరపాటును కూడా వదలకుండా, చక్కగా డ్రిల్లు పెట్టి తొలిచి, నునుపు చేసి, రంగు వేశారు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆమెకు ఆ నిమిషాన తెలిసింది.

ఆ గని ఉన్న ఇనప కొండల మీద నుంచి ముడి రాయి కన్వేయర్ బెల్టుల మీదే కిందికి దిగుతుంది. ఎండాకాలం ఏ గొడవా ఉండదు. వానలు పడ్డాయంటే మాత్రం ఎర్ర పొడి బంకమన్నై బెల్టుకు అతుక్కుంటుంది. బెల్టు తిరిగి వెనక్కి వెళ్లేటప్పుడు కిందంతా రాలి గుట్టలు పడుతుంది. ఆ గుట్టలు ఎత్తడానికి, మనుషుల్ని సరఫరా చేసే ఠేకేదారు కూలీలు తిరుగుతున్న బెల్టు కిందికే పారలు పట్టుకుని దూరుతారు. మాసా అలా దూరినవాడే. కొంటా అవతల శబరి ఒడ్డున దొర్ల గిరిజనుల ఊరి వాడు. ఒక వానాకాలం అతని పార రోలర్‌లో ఇరుక్కుంది. పారతో పాటు రెండు వేళ్లు కూడా పోయాయి. ఠేకేదారు మర్నాటికే ఇంకో మనిషిని పెట్టుకున్నాడు. మాసా వచ్చి నాగేశ్వరమ్మ వర్క్‌షాపులో వెల్డింగు పనికి కుదిరాడు.

ఆ వర్క్‌షాపు ఆమె తండ్రి పెట్టింది. విజయనగరం వైపు నుంచి ఫిట్టర్‌గా వచ్చి, గని టౌన్‌షిప్ అంచున ఒక రేకుల షెడ్డు, ఒక పాత లేత్ మిషన్‌తో మొదలుపెట్టాడాయన. నాగేశ్వరమ్మ జగదల్‌పూర్‌లో డిప్లొమా చదివి వచ్చి దాన్ని నిలబెట్టింది. భర్త లారీ మీద విశాఖ దారిలోనే ఉంటాడు. మరిది అప్పయ్య కంప్యూటరు పని చూస్తాడు. కొటేషన్లు, మెయిళ్లు, ఫైళ్లు అన్నీ అతనివే.

బెల్టు కిందికి మనిషి దూరకుండానే మట్టి గీకేసే పనిముట్టు ఒకటి చేయాలన్న మాట ముందు మాసా నోటి నుంచే వచ్చింది. గీయడం ఆమె వంతు, అతకడం అతని వంతు. లాభమో నష్టమో చెరి సగం అని ఇద్దరూ అనుకున్నారు. రెండు వానాకాలాలు దాని మీదే పోయాయి.

నాగేశ్వరమ్మ నేరుగా దుబే గదిలోకి వెళ్లింది. బెల్టుల నిర్వహణ కాంట్రాక్టు తీసుకున్న కంపెనీకి అక్కడ ఇంజినీరు దుబేనే. ట్రయల్ చూద్దాం, డ్రాయింగులు పంపండి అని ఎండాకాలం మొదట్లో అడిగింది కూడా ఇతనే.

"సాబ్, బయట దిగుతున్నవి ఎవరు చేశారు?" హిందీలో అడిగింది.

"రాయపూర్ పార్టీ. ఫినిషింగ్ బాగుంది కదా?"

"అవి మా డ్రాయింగులు. మీకు పంపాం. ఇంకెవరికీ చూపించొద్దని చెప్పి మరీ పంపాం."

దుబే కుర్చీలో వెనక్కి వాలాడు. "మీవని ఎక్కడ రాసుంది మేడమ్?"

"మీ మనస్సాక్షి మీద రాసుండాలి. లేదా?"

అతను నవ్వాడు. కోపం వచ్చినా బాగుండేది. నవ్వాడు. జేబులోంచి ఫోను తీసి, ఏదో వెతికి, ఒక లింకు నొక్కి, ఫోను ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. "చూడండి. ఇది నా సొంత ఫోను. పాస్‌వర్డు అడగలేదు, పేరడగలేదు. ఠేకేదార్ల గ్రూపులో ఎవరో వేశారు, నేనూ అందులోనే చూశాను. సామాను నడివీధిలో ఆరబెట్టుకుని, ఎవరో ఎత్తుకుపోయారని నా మీద పడితే ఎలా?"

ఆమె ఫోను తీసుకుంది. వేలితో కిందికి జరిపింది. స్క్రేపర్ బొమ్మలు ఒక్కటే కాదు. ఆ ఫోల్డర్‌లో వర్క్‌షాపు మొత్తం ఉంది. ఏ క్రషర్‌కు ఏ రేటు చెప్పిందీ, ఉక్కు విశాఖలో ఎవరి దగ్గర కొంటుందీ, ఎవరికి ఎంత తగ్గించిందీ. మాసా ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. ఎప్పుడో దిగిన ఫోటోలో మాసా బిక్కమొహం వేసుకుని ఆమె వైపు చూస్తున్నాడు. స్నానాల గది తలుపు ఊడదీసి, దారినపోయే వాళ్లను చూడమని పిలిచినట్టుంది ఆమెకు.

"ఆ లింకు మేం ఇచ్చింది మీకొక్కరికే" అంది. "అది గ్రూపులోకి దానంతట అదే నడిచెళ్లిందా?"

"నా ఆఫీసులో పదిమంది ఉంటారు. ఎవర్నని అడగను?"

"అడగక్కర్లేదు. మీకు తెలుసు."

దుబే నవ్వు ఆపాడు. "మేడమ్, రోలర్ల పని మీకు నేనే ఇస్తున్నానని గుర్తుంచుకోండి."

ఆమె ఫోను బల్ల మీద పెట్టలేదు. అతని చేతిలోనే పెట్టి, అతని కళ్లలోకి చూసి, బయటికి వచ్చేసింది.

షెడ్డుకు చేరేసరికి అప్పయ్య కంప్యూటరు ముందు టీ తాగుతున్నాడు. మాసా మూలన గ్రైండింగు చేస్తున్నాడు. ఆమె వెళ్లి గ్రైండర్ స్విచ్చి ఆపేసింది. ఆ చప్పుడు ఆగాక తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆమెకే తెలిసింది.

"దుబేకి పంపిన లింకు ఎవరెవరు తెరవొచ్చని పెట్టావు అప్పయ్యా?"

"ఏమైంది వదినా?"

"అడిగింది చెప్పు."

అప్పయ్య గ్లాసు కింద పెట్టాడు. "మొదట్లో ఆయన పేరుకే పెట్టాను. ఆయన మెయిలుకి తప్ప ఎవరికీ తెరుచుకోకుండా. ఆయన ఫోను మీద ఫోను. తెరుచుకోవట్లేదు, అనుమతి అడుగుతోంది, పెద్దసారు పక్కనే కూర్చున్నారు, మీకు పని చేసే ఉద్దేశం ఉందా లేదా అని. నాకు కంగారు పుట్టింది. అందుకని, లింకు ఉన్న ఎవరైనా తెరవొచ్చు అని మార్చాను. సాయంత్రం మళ్లీ మూసేద్దామనుకున్నాను."

"ఏ సాయంత్రం?"

అతను కంప్యూటరు వైపు తిరిగాడు.

"ఎండాకాలం పోయి వానలొచ్చాయి. ఇన్నాళ్లలో ఒక్క సాయంత్రం రాలేదా నీకు? పోనీ ఆ ఒక్క బొమ్మ ఇచ్చి ఊరుకోవచ్చుగా. మొత్తం ఫోల్డర్ ఎందుకిచ్చావు? ఇంటికొచ్చిన వాడు మంచినీళ్లడిగితే బీరువా తాళాలు కూడా చేతిలో పెడతావా?"

"ఒక్కో ఫైలూ విడిగా పంపడం ఆలస్యమని..."

"ఆలస్యం! మాసా వేళ్లు పోయాక మేమిద్దరం రెండేళ్లు ఆలస్యం చేసి చేసింది అది. నీకు నిమిషం ఆలస్యమైంది!"

అప్పయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకు జాలి కలగలేదు. ఇప్పుడే, తన ముందే, ఆ లింకు మూయమంది. మూశాడు. తన ఫోనులో నొక్కి చూసింది, మాసా ఫోనులో నొక్కి చూసింది. రెండింటిలోనూ అనుమతి లేదని వచ్చింది. ఎవరెవరు చూశారో తెలుస్తుందా అని అడిగితే, అలా అందరికీ తెరిచిపెట్టిన దానికి చూసినవాళ్ల పేర్లు పడవని అప్పయ్య చెప్పాడు. ఎవరో వచ్చారు, చూశారు, దింపుకున్నారు, పోయారు. తిట్టడానికి ఒక పేరు కూడా లేదు.

మాసా కళ్లద్దాలు తీసి, మసి తుడుచుకుని అప్పుడడిగాడు.

"ఏ బొమ్మ పోయిందక్కా? మొదటిదా, రెండోదా?"

ఆమె ఆగిపోయింది.

మొదటి బొమ్మలో బ్లేడు పట్టిన చెయ్యి చట్రానికి గట్టిగా బిగిసి ఉంటుంది. బెల్టుకు అతుకులుంటాయి. అతుకు వచ్చినప్పుడల్లా బ్లేడుకు దెబ్బ తగులుతుంది, అది కాస్త వెనక్కి వంగి దారివ్వాలి. ఇవ్వకపోతే పలక చిట్లుతుంది. దుబేకి ఫోల్డర్ ఇచ్చి, అతని కబురు కోసం చూస్తున్న రోజుల్లో గీదం దగ్గర ఒక క్రషర్‌లో మొదటిది బిగించి చూసినప్పుడు అదే జరిగింది. బ్లేడు ఊడి ఎగిరి రేకు గోడలో దిగబడింది. ఆ రోజు ఆ గోడ ముందు మనిషి లేకపోవడం వాళ్ల అదృష్టం. తర్వాత లారీ కమాను పట్టీలతో స్ప్రింగు పెట్టి, చెయ్యి వెనక్కి వంగేలా మార్చి, రెండో బొమ్మ గీసింది. అది దుబేకి ఫోల్డర్ ఇచ్చిన తర్వాత గీసింది. అందులోకి ఎక్కలేదు.

"మొదటిదే" అంది నాగేశ్వరమ్మ. "రంధ్రం చూశాను. స్ప్రింగు లేదు."

అప్పయ్య మొహం వెలిగింది. "అయితే మంచిదేగా వదినా! బిగించిన వారానికే విరిగిపోతాయి. అప్పుడు దుబే మన కాళ్ల దగ్గరికి రాడూ?"

ఆమెకు ఆ మాట తియ్యగా తగిలింది. అబద్ధమెందుకు, తేనెలాగే తగిలింది. ఆ పసుపు చట్రాలన్నీ ఫెళ్లుమని విరుగుతుంటే దుబే మొహం ఎలా ఉంటుందో కళ్లకు కట్టింది. విరగనీ అనుకుంది. నోటిదాకా వచ్చింది కూడా.

"విరిగినప్పుడు పక్కన నిలబడేది దుబే గాదక్కా" అన్నాడు మాసా. అతని గొంతు పెద్దది కాలేదు. కానీ మొహంలో నెత్తురంతా కళ్లలోకి వచ్చినట్టుంది. "మా ఆయతి ఉంటది. బుధ్రా ఉంటడు. ఆ బెల్టు కాడ పని చేసేటోళ్లంతా మా ఊరు దిక్కోళ్లే. నా చెయ్యి పోయినంక వేరేవాళ్ల చెయ్యి పోవద్దనే గదా మనం చేసింది. దొంగోడు ఎత్తుకపోయిండని ఇప్పుడు మన ఇనుమే వాళ్ల మీద పడాల్నా?"

రేకుల మీద వాన పడుతోంది.

నాగేశ్వరమ్మ దుబేకి ఫోను చేసింది. తన జీవితంలో అంత అసహ్యంగా ఎవరికీ ఫోను చేయలేదు. ఆ స్క్రేపర్లు పాత బొమ్మ ప్రకారం చేసినవని, బెల్టు అతుకు తగిలితే బ్లేడు ఊడి మనిషి మీదికి ఎగురుతుందని, బిగించొద్దని చెప్పింది.

"ఇంత తొందరగా దొరికిందా సాకు?" అన్నాడు దుబే. "పొద్దున మీదన్నారు. ఇప్పుడు పనికిరాదంటున్నారు. అసూయకు మందు లేదు మేడమ్." పెట్టేశాడు.

మాసా చొక్కా తొడుక్కున్నాడు. "నేను గేటు కాడికి పోతున్నా. షిఫ్టు మారే యాళ అయింది." షిఫ్టు దిగి వస్తున్నవాళ్లలో టీ కొట్టు దగ్గరా, బస్సు దగ్గరా దొరికినవాళ్లకు దొరికినట్టు, దొర్లీలో కొందరికి, గోండీలో కొందరికి, హిందీలో కొందరికి చెప్పాడు. పసుపు చట్రం బిగించిన బెల్టు దగ్గర నిలబడొద్దు. నా చెయ్యి చూడండి, నిలబడొద్దు. ఆయతి బెల్టు కింద చీపురు పట్టే మనిషి. ఆమె అందరికన్నా ముందు అర్థం చేసుకుని, మిగతా ఆడవాళ్లను వెంటేసుకుని వెళ్లి సూపర్వైజరుతో మేం అటు పోమని చెప్పేసింది.

కూలీల మాట ఒక్కటే అయితే బెదిరించి నోరు మూయిస్తారని నాగేశ్వరమ్మకు తెలుసు. గని భద్రత చూసే అధికారి వెంకటనారాయణ గారు వేరే ఉన్నారు. దుబే కంపెనీ మీద ఆయనకు అధికారం ఉంది. కానీ ఆయనకు నమ్మకం కలగాలంటే మొదటి బొమ్మ, రెండో బొమ్మ పక్కపక్కన చూపించాలి. అంటే తమ దగ్గర మిగిలిన ఒకే ఒక్క రహస్యాన్ని మళ్లీ గడప దాటించాలి.

"ఇప్పుడు పంపు" అంది అప్పయ్యతో. "నేను పక్కన కూర్చుంటా. నేను చెప్పినట్టు పంపు."

అవసరమైన రెండు పేజీలే విడిగా తీయించింది. ప్రతి పేజీ మీదా అడ్డంగా వర్క్‌షాపు పేరు, వెంకటనారాయణ గారి పేరు, ఆ రోజు తేదీ వేయించింది. ఎవరి పేరున పంపిన కాపీ బయటికొస్తే వాళ్ల పేరే దాని మీద ఉంటుంది. ఆయన మెయిలుకు తప్ప తెరుచుకోకూడదు. చూడటమే తప్ప దింపుకోవడం, ముద్రించుకోవడం కుదరకూడదు. వారం దాటితే దానంతట అదే మూసుకుపోవాలి. పాస్‌వర్డు మెయిలులో రాయొద్దు, ఆయనకు నోటితో చెప్పాలి. అప్పయ్య ఒక్కొక్కటీ చేసుకుపోయాడు. అన్నీ అతనికి తెలుసు. తెలిసి చేయలేదని ఆమెకు ఇంకా మండింది.

సాయంత్రం లోపలే వెంకటనారాయణ గారి దగ్గర నుంచి ఫోను. "అమ్మా, ఇది తెరుచుకోవట్లేదు. ఏదో అనుమతి అంటోంది. మామూలుగా వాట్సాప్‌లో పెట్టేయరాదూ?"

నాగేశ్వరమ్మ పళ్లు బిగించింది. ఆ పెద్దాయన మంచివాడు. దుబే కాదు. ఆ సంగతి తనకు తాను చెప్పుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"పెట్టను సార్. నేనే వస్తాను. మీ పక్కన కూర్చుని తెరుస్తాను."

వెళ్లింది. ఆఫీసు మెయిలు కాకుండా ఇంటి మెయిలుతో తెరవబోతున్నారాయన, అంతే. సరిచేసింది. ఆయన కళ్లజోడు పైకి తోసి, రెండు బొమ్మలూ మార్చి మార్చి చూశారు. గీదం క్రషర్‌లో రేకు గోడకు దిగిన బ్లేడు ఫోటో ఆమె తన ఫోనులో చూపించింది.

"ఇంత ఇబ్బంది ఎందుకమ్మా, అందరికీ ఒకేసారి పంపితే పోయేది గదా" అన్నారాయన యథాలాపంగా.

"పోయింది సార్. అలాగే పోయింది" అంది.

మర్నాడు ఆయన దగ్గరుండి, చుట్టూ ఎవరినీ నిలబడనీయకుండా, ఒక పసుపు స్క్రేపర్ బిగించి ఖాళీ బెల్టు తిప్పించారు. దుబే కూడా దూరంగా నిలబడ్డాడు. బెల్టు కాసేపు నున్నగా తిరిగింది. దుబే ఆమె వైపు చూడటం మొదలుపెట్టాడు. అతుకు వచ్చిన ప్రతిసారీ టకటకమని చప్పుడు. ఆ చప్పుడు మారింది. పలక చిట్లి, బ్లేడు గాలిలోకి లేచి, కూలీలు రోజూ పారలు ఆనించి నిలబడే కంచెను వంచేసి పడింది. ఆయతి తన భాషలో గట్టిగా ఏదో తిట్టింది. మాసా దాన్ని ఎవరికీ అనువాదం చేయలేదు.

పసుపు చట్రాలన్నీ ఊడదీయాలని అక్కడికక్కడే ఉత్తర్వు అయింది. నాగేశ్వరమ్మకు సంతోషం కలగాలి. కలగలేదు. ఆ వంగిన కంచె వైపు చూస్తుంటే, నిన్న నోటిదాకా వచ్చిన మాట గుర్తొచ్చింది.

దుబే ఆమె దగ్గరికి వచ్చాడు. క్షమాపణ చెప్పడానికి కాదు. "సరే, మీ కొత్త డ్రాయింగు పంపండి. ఈసారి మీతోనే చేయిద్దాం."

"డ్రాయింగు ఎవరికీ పంపను సాబ్. కావాలంటే వస్తువు కొనుక్కోండి. మేమే తెచ్చి, మేమే బిగిస్తాం. విప్పి చూడబోమని, కాపీ కొట్టబోమని కాగితం మీద రాసిస్తేనే."

"మరీ అంత పట్టుదల అయితే..."

"ఆ లింకు గ్రూపులో ఎవరు వేశారో కూడా అదే కాగితం మీద రాసివ్వండి."

దుబే జీపెక్కాడు. గ్రూపులో ఎవరు వేశారన్నది ఈనాటికీ తేలలేదు. వెంకటనారాయణ గారి పట్టు మీద ఒక బెల్టుకు మాత్రం వాళ్ల స్క్రేపర్ పెట్టారు. అది బాగానే పనిచేస్తోంది. మిగతా బెల్టుల కింద పారలే. పాత క్రషర్ యజమానులిద్దరు పని వేరేవాళ్లకు ఇచ్చేశారు. ఆమె ఎవరికి ఏ రేటు చెబుతుందో తెలిసినవాడు ఎవడో అంతకన్నా కాస్త తక్కువ చెప్పాడు. మాసా బ్యాంకుకు వెళ్లి పాత ఖాతా మూసి కొత్తది తెరుచుకున్నాడు. అప్పయ్యతో వదిన చాలా రోజులు పని మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు.

అయినా ఒకటి మిగిలిపోయింది. రాయపూర్ వాడు ఆ చట్రాలు ఇక్కడికి ఒక్కచోటికే అమ్మి ఉండడు. ఆ మాట ముందు ఎవరన్నారో గాని, అన్నాక ముగ్గురికీ అన్నం సయించలేదు. ఆ రాయపూర్ లారీ డ్రైవరును పట్టుకుని అప్పయ్యే ఆ కంపెనీ నంబరు సంపాదించాడు. సంపాదించి, వదిన ముందు పెట్టి, పక్కకు తప్పుకున్నాడు.

నాగేశ్వరమ్మ ఫోను చేసింది. పేరు చెప్పగానే అవతలి మనిషి పెట్టేశాడు. మళ్లీ చేసింది. మళ్లీ పెట్టేశాడు. మాసా ఫోను తీసుకుని దాంతో చేసింది. ఎత్తాడు.

"పెట్టొద్దు" అంది హిందీలో, ముందుగానే. "నీ మీద కేసు పెడదామని కాదు. తిట్టాలని ఉంది, తర్వాత తీరుబడిగా తిడతాను. నువ్వు ఎత్తుకుపోయింది తప్పు బొమ్మ. అది విరిగి మనుషుల మీద పడుతుంది. ఎక్కడెక్కడికి పంపావో ఊళ్ల పేర్లు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను గని గనికీ ఫోను చేసుకుంటూ పోతాను, ప్రతిచోటా నీ పేరు చెప్పి మరీ."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరినో పిలిచి డిస్పాచ్ ఫైలు తెమ్మన్న గొంతు.

"రాసుకో" అంది నాగేశ్వరమ్మ, ఫోను స్పీకరులో పెట్టి, అప్పయ్య వైపు చూడకుండానే. అతను పెన్ను కోసం వెతుక్కున్నాడు. మాసా తన సుద్దముక్క అందించాడు. అప్పయ్య నేల మీద కూర్చుని, ఇనప పలక మీద మొదటి ఊరి పేరు రాశాడు.